‘నీకా రంగు నప్పదు’ అన్నారా?

మన ఇళ్లలో బట్టలు కొనడమంటే ఓ చిన్న కోర్టు కేసే. అమ్మ, అత్త, పక్కింటి ఆంటీ, షాపులో చీరలు పరిచే అన్న... అందరూ జడ్జీలే. తీర్పు మాత్రం ఎప్పుడూ ఒకటే: ‘‘నీకా రంగు నప్పదు.’’ ఎందుకు నప్పదు అని అడిగి చూడండి. ‘‘నీ రంగుకి అది బాగోదులే’’ అంటారు. అసలు సంగతంతా ఆ ‘నీ రంగుకి’ అన్న మాటలోనే ఉంది.

తెల్లగా ఉన్నవాళ్లకి ఈ తీర్పు చాలా అరుదుగా వస్తుంది. చామనఛాయగా, నల్లగా ఉన్నవాళ్లకి చిన్నప్పటి నుంచీ వస్తూనే ఉంటుంది. స్కూల్లో ఉండగా పసుపు పోతుంది. ఇంటర్‌కి వచ్చేసరికి ఆరెంజ్ పోతుంది. డిగ్రీలో తెలుపు కూడా పోతుంది. ఉద్యోగానికి వచ్చేనాటికి బీరువా తెరిస్తే మెరూన్, బ్రౌన్, ముదురు నీలం తప్ప ఇంకేమీ కనిపించవు. ఎవరూ బలవంతం చేయలేదు. కాకపోతే ఒక్కో రంగునీ ఒక్కో మాటతో తీసేశారు.

హుందాగా కనిపించాలంటే ఏ రంగులు వేసుకోవాలి అని చాలామంది అడుగుతుంటారు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పే ముందు ఈ తీర్పు సంగతి తేల్చాలి. నేను ఫ్యాషన్ డిజైనర్‌ని కాదు, కోడ్ రాసుకునే మనిషిని. కానీ స్క్రీన్ మీద ఏ రంగు పక్కన ఏ రంగు పెట్టాలన్నది మా పనిలో రోజూ ఉండే గొడవే. అక్కడ ‘నప్పదు’ అంటే ఎవరూ ఒప్పుకోరు. ఎందుకో చెప్పాలి.

రంగుకి మూడు మీటలు

ఫోన్‌లో ఫొటో ఎడిట్ చేసేటప్పుడు హ్యూ, శాచురేషన్, బ్రైట్‌నెస్ అని మూడు స్లైడర్లు చూసే ఉంటారు. ప్రతి రంగూ ఈ మూడింటి కలయికే. మొదటిది రంగు పేరు: ఎరుపా, పచ్చా, నీలమా. రెండోది గాఢత: రంగు ఎంత ‘కొట్టొచ్చినట్టు’ ఉంది అని. మూడోది వెలుగు: ఎంత లేత, ఎంత ముదురు అని. మామూలు ఫోన్ స్క్రీన్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ ఒక్కోటి 256 మెట్లు ఎక్కి దిగుతాయి. ఆ లెక్కన కలిసే రంగులు 1,67,77,216. అందులో ‘పసుపు’ అని పిలవగలిగినవే బోలెడన్ని ఉంటాయి. మరి ‘నీకు పసుపు నప్పదు’ అంటే వాటిలో దేని గురించి మాట్లాడుతున్నట్టు?

తమాషా ఏంటంటే, ఈ తేడాలు తెలుగుకి ఎప్పుడో తెలుసు. నిమ్మపండు పసుపు వేరు, ఆవాల పసుపు వేరు, గంధం రంగు వేరు. చిలకపచ్చ, మామిడి చిగురు, తమలపాకు పచ్చ అన్నప్పుడు మూడూ పచ్చలే, కానీ మూడు రకాల గాఢత, మూడు రకాల వెలుగు. నేరేడుపండు రంగు, వంగపండు రంగు, ఉల్లిపొర రంగు, కనకాంబరం రంగు... చీరల షాపులో అమ్మమ్మ ఈ మాట అంటే సేల్స్‌మన్ సరిగ్గా ఆ షేడే తీసి చూపిస్తాడు. మనమేమో ఇంగ్లిష్‌లో ‘ఎల్లో’ అని ఒక్క మాటతో సరిపెట్టి, అది నప్పలేదని మొత్తం కుటుంబాన్నే వెలేస్తున్నాం.

హుందాతనం ఎక్కువగా రెండో, మూడో మీటల్లోనే ఉంటుంది. చాలా గాఢమైన రంగు, అంటే నియాన్ పచ్చ, ఫ్లోరసెంట్ పింక్ లాంటిది మెడ దగ్గర వేసుకుంటే దాని మీద పడిన వెలుతురు గడ్డం కింద, బుగ్గల మీద కూడా ఆ రంగే కొడుతుంది. అప్పుడు ముఖం వింతగా కనిపిస్తుంది. ఇది తెల్లటి చర్మానికీ జరుగుతుంది, నల్లటి చర్మానికీ జరుగుతుంది. తప్పు రంగు పేరుది కాదు, చర్మానిది అసలే కాదు. గాఢత ఒక మెట్టు దించితే చాలు. లేదంటే అదే రంగుని ముఖానికి దూరంగా, ప్యాంట్‌కో, చీర అంచుకో, బ్యాగుకో పంపిస్తే సరిపోతుంది.

పక్కన ఎవరున్నారన్నదే ముఖ్యం

ప్యారిస్‌లో గోబెలిన్స్ అని వందల ఏళ్ల నాటి నేత కర్మాగారం ఉంది. గోడలకి వేలాడదీసే పెద్ద పెద్ద బొమ్మల తివాచీలకి పేరు పొందింది. 19వ శతాబ్దంలో అక్కడి రంగుల విభాగానికి మిషెల్ యూజీన్ షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్త అధిపతిగా ఉండేవాడు. నల్ల దారం సరిగా నల్లగా ఉండడం లేదు, వెలిసినట్టుంది అని ఆయనకి ఫిర్యాదులొచ్చాయి. దారాన్ని పరీక్షిస్తే రంగులో ఏ లోపమూ లేదు. మరి లోపం ఎక్కడ? ఆ నలుపు పక్కన నేసిన నీలం, ఊదా దారాల్లో! పక్క రంగుని బట్టి మన కన్ను ఈ రంగుని మార్చి చూస్తోందన్నమాట. దీని మీద ఆయన చాలా ఏళ్లు పనిచేసి 1839లో పెద్ద పుస్తకం అచ్చువేశాడు.

దీన్ని మన బట్టలకి అన్వయిస్తే చాలా ప్రశ్నలు తేలిపోతాయి. డ్రెస్ ఎప్పుడూ ఒంటరిగా కనిపించదు. దాని పక్కన మన చర్మం ఉంటుంది, జుట్టు ఉంటుంది, దుపట్టా ఉంటుంది. మనలో చాలామందికి జుట్టు నలుపే. అంటే ముఖం చుట్టూ ఓ ముదురు ఫ్రేము ముందే ఉంది. నల్లటి ఒంటి మీద మీగడ రంగో, ఆవాల పసుపో, లేత గులాబీనో వేస్తే ముదురుకీ లేతకీ తేడా బాగా తెలిసి బట్ట మెరిసినట్టు కనిపిస్తుంది. అదే మనిషి నేరేడుపండు రంగు వేసుకుంటే తేడా తగ్గి, మొత్తం ఒకే నిండు గీతలా కనిపిస్తుంది. మొదటిది చురుగ్గా ఉంటుంది, రెండోది గంభీరంగా ఉంటుంది. రెండూ బాగుంటాయి. ఏ రోజు ఏది కావాలన్నదే మన ఇష్టం.

వెబ్ పేజీలు తయారుచేసేవాళ్లకి ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉంది. మామూలు సైజు అక్షరాలకీ వెనకున్న రంగుకీ మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలి. చూపు మందగించినవాళ్లు కూడా చదవగలగాలని పెట్టిన నియమం అది. అందులో ఎక్కడా ఫలానా రంగు మంచిది, ఫలానా రంగు చెడ్డది అని ఉండదు. లెక్కేసేది వెలుగులో తేడానే. ‘నీ రంగుకి ఇది బాగోదు’ అనే మాటలో ఈ పాటి లెక్క కూడా లేదు.

ఒక చిన్న పరీక్ష చెప్తా. డ్రెస్ వేసుకుని కిటికీ దగ్గర సెల్ఫీ తీసుకోండి. దాన్ని బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చండి. రంగుల పేర్లన్నీ మాయమైపోయి వెలుగు ఒక్కటే మిగులుతుంది. పైబట్ట, కింది బట్ట, చర్మం... ఈ మూడింట్లో ఏది లేత, ఏది ముదురు అన్నది స్పష్టంగా తెలిసిపోతుంది. మూడూ ఒకే బూడిద రంగులో కలిసిపోతే, అది మీరు కావాలనుకున్న ఎఫెక్టా కాదా చూసుకోండి. కాకపోతే ఒక్కటి మార్చండి చాలు.

మూడు రంగులు దాటకపోతే మేలు

ఇంటీరియర్ డిజైన్‌లో, యాప్‌ల డిజైన్‌లో 60-30-10 అని ఒక లెక్క వాడతారు. ప్రధాన రంగు అరవై వంతులు, దానికి తోడు ముప్పై, మిగిలిన పది వంతులు మెరుపు కోసం. బట్టలకి ఇది అచ్చంగా సరిపోతుంది. కుర్తా, దుపట్టా కలిపి ఒక రంగు, బాటమ్ ఇంకోటి, చెప్పులో గాజులో బ్యాగో మూడోది. అబ్బాయిలకైతే షర్టు, ప్యాంటు, ఆ తర్వాత బెల్టూ బూట్లూ. బెల్టూ బూట్లూ ఒకే రంగులో ఉంటే సగం పని అయిపోయినట్టే.

ఈ లెక్క మన మగ్గాలకి కొత్తేమీ కాదు. మంగళగిరి చీర చూడండి. ఒళ్లంతా ఒకటే రంగు, ప్లెయిన్‌గా ఉంటుంది. అంచున జరీ. అంతే. గద్వాల చీరకి నూలు ఒళ్లు, పట్టు అంచు. ఒళ్లు లేతగా, నెమ్మదిగా ఉంటుంది కాబట్టే ఆ పట్టు అంచు ఎంత గాఢంగా ఉన్నా అరిచినట్టు అనిపించదు. తేలియా రుమాలు గురించి విన్నారా? చీరాల, పుట్టపాక నేతకారుల పనితనం. నూలుని నూనెలో నానబెట్టి నేసే ఆ బట్టలో సంప్రదాయంగా వాడేది ఎరుపు, నలుపు, తెలుపు. మూడే మూడు రంగులు! నగిషీ ఎంత చిక్కగా ఉన్నా కంటికి గజిబిజి అనిపించకపోవడానికి అదొక కారణం. శ్రీకాళహస్తి కలంకారీ కూడా అంతే. కరక్కాయ నీళ్లలో ముంచిన గుడ్డ, బెల్లం, తుప్పు ఇనుము ఊరబెట్టి తీసిన నలుపు, పటికతో పట్టే ఎరుపు... కొద్దిపాటి రంగులే, అవీ ఒకే మీగడ రంగు గుడ్డ మీద. అందుకే ఒకదానితో ఒకటి పేచీ పెట్టుకోవు.

నెమలికంఠం రంగు ఇంకో మంచి పాఠం. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు. కదిలితే నీలం, ఆగితే ఆకుపచ్చ. చక్రంలో పక్కపక్కనే ఉండే రంగులు అవి. అలా పక్కపక్క రంగులు కలిపితే ఎప్పుడూ నెమ్మదిగానే ఉంటుంది. ఎరుపు-ఆకుపచ్చ, నీలం-ఆరెంజ్, పసుపు-ఊదా లాంటి ఎదురెదురు రంగులు ఒకదాన్నొకటి రెచ్చగొడతాయి. పెళ్లి చీరకి ఆ రెచ్చగొట్టడమే కావాలి, వంద మందిలో పెళ్లికూతురు కనిపించాలి కదా. ఆఫీసుకో, ఇంటర్వ్యూకో అయితే రెండింట్లో ఒకదాని గాఢత తగ్గించండి. ముదురు నీలం ప్యాంటు మీద లేత కనకాంబరం రంగు కుర్తా వేసి చూడండి. అవే ఎదురు రంగులు, కానీ గొడవ ఉండదు.

షాపు లైటుని నమ్మకండి

2015 ఫిబ్రవరిలో ఇంటర్నెట్ అంతా ఒక డ్రెస్ ఫొటో చూసి రెండుగా చీలిపోయింది, గుర్తుందా? సగం మంది నీలం-నలుపు అన్నారు, సగం మంది తెలుపు-బంగారం అన్నారు. నిజానికి ఆ డ్రెస్ నీలం-నలుపే. ఫొటోలో వెలుతురు ఎలాంటిదో ఒక్కొక్కరి మెదడు ఒక్కోలా ఊహించుకుంది, దాన్ని బట్టి రంగు మారిపోయింది. ఆన్‌లైన్‌లో కొన్న డ్రెస్ ఇంటికొచ్చాక ‘ఇది అది కాదే’ అనిపించడం వెనక ఇలాంటి కారణాలే ఉంటాయి. పైగా కొన్ని ఫోన్లలో డిస్‌ప్లే ‘వివిడ్’ మోడ్‌లో ఉంటుంది. అది గాఢత పెంచి చూపిస్తుంది. కొనే ముందు సెట్టింగ్స్‌లో ‘నేచురల్’ లాంటి మోడ్‌కి మార్చుకుని చూడండి. కస్టమర్లు పెట్టిన ఫొటోలు ఉంటే మోడల్ ఫొటో కంటే వాటినే ఎక్కువ నమ్మండి.

షాపుల్లోనూ అంతే. పసుపు వెలుతురులో ముదురు నీలానికీ నలుపుకీ తేడా తెలియదు. కొన్ని రంగులు ఒక లైటు కింద అచ్చం ఒకేలా ఉండి, ఇంకో లైటు కింద విడిపోతాయి కూడా. మన ఊళ్లలో మ్యాచింగ్ సెంటర్ అన్నకి ఈ సైన్స్ ఎవరూ చెప్పక్కర్లేదు. జాకెట్టు ముక్క, చీర రెండూ పట్టుకుని గుమ్మం దగ్గరికొచ్చి ఎండలో పెట్టి చూపిస్తాడు. మాల్‌లో కొన్నా మీరు కూడా అదే చేయండి. సిగ్గుపడాల్సిన పనేం లేదు, డబ్బులు మనవి.

మూడు వేలు, ఆరు డ్రెస్సులు

ఇదంతా పనికొచ్చిన ఒక సందర్భం చెప్తా. మా పిన్ని కూతురు ఫైనల్ ఇయర్. క్యాంపస్ ఇంటర్వ్యూలు మొదలవుతున్నాయి. బట్టలకి మూడు వేలు చేతిలో పెట్టారు. ‘‘అక్కా, నువ్వూ రావా?’’ అంది. వెళ్లాను. ట్రయల్ రూమ్‌లోకి తను తీసుకున్నవన్నీ బ్రౌన్, మెరూన్. ఆవాల పసుపు కుర్తా ఒకటి చేత్తో పట్టుకుని చూసి, మళ్లీ హ్యాంగర్‌కే తగిలించేసింది.

‘‘ఏమే, నచ్చలేదా?’’

‘‘నచ్చింది. కానీ నాకు ఎల్లో నప్పదక్కా.’’

‘‘ఎప్పుడైనా వేసుకుని చూశావా?’’

‘‘లేదు. అమ్మ చెప్పింది.’’

ఇరవై ఒక్క ఏళ్ల పిల్ల, కోడింగ్ టెస్టుల్లో ప్రతి జవాబునీ రన్ చేసి చూసుకునే పిల్ల, ఈ ఒక్క విషయంలో మాత్రం టెస్ట్ చేయకుండానే ఒప్పేసుకుంది. అదే నాకు బాధనిపించింది. వేసుకుని రమ్మన్నాను. కిటికీ దగ్గర ఫొటో తీసి, పక్కన మెరూన్ కుర్తా ఫొటో పెట్టి, రెండూ బ్లాక్ అండ్ వైట్ చేసి తన చేతికిచ్చాను. నేనేమీ మాట్లాడలేదు. కాసేపు చూసుకుని, ‘‘ఇందులో నా ముఖం కనిపిస్తోందక్కా’’ అంది పసుపు ఫొటో చూపించి.

చివరికి కొన్నవి ఇవి: ముదురు నీలం ప్యాంటు, గంధం రంగు ప్యాంటు. మీగడ రంగు, ఆవాల పసుపు, ఉల్లిపొర రంగు కుర్తాలు మూడు. పై మూడింటిలో ఏదైనా కింది రెండింటిలో దేనికైనా సరిపోతుంది. 3ని 2తో గుణిస్తే ఆరు డ్రెస్సులు. ఒక్కొక్కటి ఆరు వందల లోపే, మొత్తం మూడు వేలు దాటలేదు. జతలుగా కుట్టిన సెట్లు కొనుంటే అదే డబ్బుకి రెండో మూడో వచ్చేవి. పిన్ని చూసి, ‘‘పసుపెందుకే’’ అని ఒకసారి అంది. తను మాత్రం మొదటి ఇంటర్వ్యూకి అదే వేసుకెళ్లింది. ఉద్యోగం రంగు చూసి ఇవ్వరు, అది వేరే సంగతి. కానీ ముఖం దాచుకునే బట్టల్లో కూర్చోవడానికీ, తను ఎంచుకున్న బట్టల్లో కూర్చోవడానికీ తేడా ఉంటుంది.

వెలిసిపోతే ఏ రంగైనా అంతే

ఇంకో మాట. నలుపు వేసుకుంటే హుందాగా ఉంటుంది అని చాలామంది నమ్మకం. నిజమే, కొత్తగా ఉన్నంత కాలం. ఉతికి ఉతికి బూడిద రంగులోకి తిరిగిన నలుపు కంటే, శుభ్రంగా ఇస్త్రీ చేసిన లేత నీలం షర్టు వెయ్యి రెట్లు నయం. ముదురు రంగులు విడిగా ఉతకండి, తిరగేసి నీడలో ఆరేయండి. మే నెల విజయవాడ ఎండలో బండి మీద ఆఫీసుకెళ్లేవాళ్లు నలుపు జోలికి పోకపోవడమే మేలు. అది ఎండనంతా పీల్చుకుంటుంది. చెమట మరకలు పడ్డాక ఇక హుందాతనం ఎక్కడిది? చూసీ చూడగానే తెలిసిపోయేవి రెండే: ఒంటికి సరిపోయిందా, శుభ్రంగా ఉందా. రంగు వాటి తర్వాతే.

సందర్భాన్ని కూడా చూసుకోవాలి. పెళ్లికి పూర్తి నలుపు వేసుకెళ్తే కొన్ని ఇళ్లలో పెద్దవాళ్లు నొచ్చుకుంటారు. అక్కడ మన ఇష్టం కంటే వాళ్ల మనసు ముఖ్యం అనుకుంటే ముదురు తమలపాకు పచ్చో, నేరేడుపండు రంగో వేసుకోండి. నలుపిచ్చే గంభీరం అందులోనూ ఉంటుంది. ఇది మనం తెలిసి చేసుకునే సర్దుబాటు. పుట్టిన చర్మాన్ని చూసి ఇంకొకరు పెట్టిన నిషేధంలాంటిది కాదు.

ఇప్పుడు అక్కలకీ, అన్నలకీ, అమ్మలకీ ఒక విన్నపం. పక్కనున్న పిల్ల ఒక రంగు ఇష్టపడి చేతిలోకి తీసుకున్నప్పుడు నిజంగానే అది బాగోలేదనిపిస్తే, ‘నీకు నప్పదు’ అనకండి. ‘ఇందులో ఇంకో షేడ్ ఉందేమో అడుగు’ అనండి. మొదటి మాట ఆ పిల్ల బీరువాలోంచి ఓ రంగుని శాశ్వతంగా తీసేస్తుంది. రెండోదానికి సేల్స్‌మన్ ఇంకో నాలుగు చీరలు పరుస్తాడు, అంతే. మడత పెట్టుకోవడం ఆయనకి అలవాటేలెండి!